మొత్తము పుట్టిన చోటు

కోతలు ముగిసి ధాన్యము కొనుగోలు కేంద్రములకు చేరుచుండెడి దినములలో, మా మఠంపల్లి ప్రాంతమున కల్లములకు పోయినపుడు కనబడిన ఒకానొక చిన్న విషయము నా మనస్సును చాలకాలముగా విడువక పట్టుకొనియున్నది. పట్టాలమీద ఆరబోసిన వడ్లు, తేమను చూచెడి చేతియంత్రము, కాంటా, గోనెసంచుల కట్టలు, హమాలీల కేకలు, వీని నడుమ వేపచెట్టు నీడలో ఒక బల్ల, ఆ బల్లమీద లాప్‌టాప్, దాని యెదుట మహిళాసంఘముల పక్షమున లెక్కలు వ్రాయు ఒక యువతి. ప్రభుత్వమునకు పంపవలసిన వివరములు ట్యాబులో ఎక్కించుట వేఱు. ఇది ఆమె తన ధైర్యమునకై, ఊరివారు అడిగినపుడు చెప్పుటకై, స్వయముగా ఎక్సెల్‌లో పెట్టుకొన్న పట్టిక. రైతుపేరు, బస్తాలు, కిలోలు, క్వింటాళ్లు, ధర, రావలసిన సొమ్ము అను శీర్షికల క్రింద ఆమె ఒక్కొక్క గడిని ఎంతో శ్రద్ధతో నింపును. నింపిన పిమ్మట, బల్లపైనున్న క్యాలిక్యులేటరును చేతికి తీసికొని, తెరమీది అంకెలను వరుసగా నొక్కి, గుణింపగా కూడగా వచ్చిన ఫలములను మరల ఆ పట్టికలోనే టైపు చేయును. కూడగల యంత్రము కన్నులయెదుట వెలుగుచుండగా వేఱొక యంత్రముతో కూడి, ఆ ఫలమును మొదటి యంత్రమునకు అప్పగించుట నాకు వింతగా తోచెను. మొత్తము తప్పు కాదు. రెండుసారులు సరిచూచుకొని వ్రాసినదే. మఱి నన్ను కలతపెట్టిన దేమి? ఒప్పుగానున్న అంకెను చూచి మనస్సు ఏల నొచ్చుకొనవలెను?

కారణము కొంతవఱకు మఱునాడు తెలిసినది. ఒక రైతు లెక్కలో రెండు బస్తాలు అధికముగా పడినవని తేలగా, ఆ అమ్మాయి 150 అను అంకెను 148గా దిద్దెను. ప్రక్కగడిలోని 6,000 కిలోలు అట్లే యుండెను. 60 క్వింటాళ్లు అట్లే యుండెను. 2025–26 సంవత్సరమునకు ‘ఏ’ గ్రేడు ధాన్యమునకు నిర్ణయింపబడిన 2,389 రూపాయల మద్దతు ధర చొప్పున రావలసిన 1,43,340 రూపాయలును, ఏమియు జరుగనట్లు, తమ స్థానమున నిశ్చలముగా నిలిచియుండెను. ఆ గడిలో ఇపుడు ఉండవలసినది 1,41,428 రూపాయల 80 పైసలు. ఆమె తెలివైనది కనుక వెంటనే గమనించి క్రిందివఱకు అన్నియు దిద్దుకొన్నది. నేను చెప్పబోవుచున్నది ఆమె శ్రద్ధను గూర్చి కాదు. దిద్దుటకు ముందటి ఆ కొద్ది నిమిషములలో తెరమీద నిలిచియుండిన అంకెను గూర్చి. తాను ఏ అంకెల సంయోగమువలన జన్మించెనో ఆ అంకెలతో ఆ మొత్తమునకు బాంధవ్యము తెగిపోయినది. చూచువారి కంటికి అది ఎంత అందముగా, ఎంత నమ్మదగినదిగా ఉండెను! సత్యమునుండి వేఱుపడిన తరువాతకూడ సత్యమువంటి ముఖముతో నిలువగల ఆ శక్తియే నన్ను భయపెట్టినదని ఇప్పుడు తోచుచున్నది.

మఠంపల్లి అంకెలు తెలియని సీమ కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్టనుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిన తరువాత, ఎడమకాలువ పాఱిన మేర మెట్టచేలు మాగాణులైనవి. జొన్నలు తిన్న ఇండ్లలో వరియన్నము నిత్యమైనది. నీరు ఎన్ని క్యూసెక్కులు వదలిరి, ఎన్ని తడులకు వచ్చును, చివరిభూములకు ఎన్నడు చేరును అను ప్రశ్నలు రచ్చబండమీది సంభాషణలో భాగమైనవి. నేలలో సున్నపురాయి యుండుటవలన సిమెంటు కర్మాగారములు వెలసి, లారీల టన్నులు, వేబ్రిడ్జి చీటీలు ఊరి పలుకుబడిలో చేరినవి. కోసిన పచ్చివడ్లను నేరుగా మిర్యాలగూడ మిల్లులకు తోలువారికి తూకము, తేమ, ఆనాటి ధర అను మూడు అంకెలే బ్రతుకు. అంకెలకు కొదవలేదు. అయితే ఈ అంకెలన్నియు మావారికి ఏ రూపమున చేరుచుండెడివి? ‘ఇంత అయినది’ అని ఒకరు చెప్పుదురు. ‘సరే’ అని ఒకరు విందురు. ఆ ‘ఇంత’ ఏ దారిన వచ్చినదో ఎవ్వరు చూపరు. అడుగుట మర్యాద కాదనియో, అడిగినను తెలియదనియో మావారును అడుగరు.

దీనికి మూలము పాతది. మా మండలమునందలి మట్టపల్లిలో లక్ష్మీనరసింహస్వామి ఆలయపు మెట్లు దిగి కృష్ణలో నిలుచుండి చూచినచో, ఆవలియొడ్డు పల్నాడు. ఇప్పటివారికి అది కేవలము రెండు రాష్ట్రముల నడిమి హద్దు. మా తండ్రిగారి తరమువారికి అది రెండు లెక్కల లోకముల నడిమి హద్దు. ఆవల మద్రాసు రాజధాని పాలనలో కరణములు తెలుగున అడంగల్ వ్రాయుచుండగా, ఈవల నైజాము రాజ్యమున పట్వారీలు పహాణీలను ఉర్దూలో నింపుచుండిరి. నీరు ఒక్కటే, భాష ఒక్కటే, పంటలును దాదాపు ఒక్కటే; కాని తన పొలమునుగూర్చి తన ఊరి దస్త్రములో ఏమి వ్రాయబడినదో చదువుకొను భాగ్యము ఈ యొడ్డున చదువుకొన్న తెలుగురైతుకు సయితము లేకుండెను. పహాణీ ఎంత గొప్ప పట్టిక! సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు, అనుభవదారు, శిస్తు, పంట, నీటివనరు, ఇట్లు ఒక గ్రామముయొక్క భూమినంతటిని నిలువు అడ్డు గీతల నడుమ ఇమిడ్చిన ఆ కూర్పునకు కారకులైన వారి బుద్ధికి నేను నమస్కరించుదును. 1954–55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని భూవివాదములలో ఆధారముగా చూపుచున్నారన్నచో, గీతలు గీసి నింపిన కాగితమునకు ఎంతటి ఆయుస్సు ఉండునో ఊహింపవచ్చును. కాని ఆ పట్టిక మా నాయనగారి చేతికి రాలేదు. ‘శిస్తు ఇంత’ అను మాట మాత్రమే వచ్చినది. పట్వారీలందఱును అన్యాయపరులని నేననను, కొందఱు ధర్మాత్ములుండిరి. అయినను ధర్మాత్ముని లెక్కయు, అధర్మపరుని లెక్కయు బయటివారికి ఒకే విధముగా కనబడుట ఆ పద్ధతియందలి లోపము. దారి చూపని మొత్తములో సత్యమును అసత్యమును విడదీయుట ఎట్లు? 1984లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము పటేలు పట్వారీ పదవులను రద్దుచేసినపుడు మా ఊళ్లలో కలిగిన సంతోషము ఒక పదవి పోయినందులకు మాత్రమే కాదని, తమ అంకెలు ఇకమీదట తమకు కనబడునను ఆశకూడ అందున్నదని నేనిపుడు అనుకొనుచున్నాను. ఆ ఆశ ఎంతవఱకు ఫలించినది? కాగితము కంప్యూటరులోనికి పోయినది. చూచుట కొంత సులువైనది. చదివి అర్థముచేసికొనుట మాత్రము ఎవరికి వారు నేర్చుకొనవలసినదిగానే మిగిలినది.

అప్పు లెక్కలలో ఈ చీకటి ఇంకను చిక్కనిది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అన్నచో మా వైపున అది ధర్మవడ్డీ, ఎవరును ఉలికిపడరు. పదివేల రూపాయలకు ఏడాదికి 2,400. మూడేండ్లు దాటినచో నోటు చెల్లదు కనుక, గడువు తీరకముందే నోటు తిరుగవ్రాయుదురు. తిరుగవ్రాయునపుడు మూడేండ్ల వడ్డీ 7,200 అసలులో కలియును. క్రొత్త నోటు 17,200కు. మఱి మూడేండ్లకు దానిమీద 12,384, మొత్తము 29,584. నోటు తిరుగవ్రాయక అసలుకు మాత్రమే ఆరేండ్లు వడ్డీ కట్టినచో అయ్యెడిది 24,400. నడుమనున్న 5,184 రూపాయలు ఎక్కడ పుట్టినవి? ఆ ఒక్క సంతకములో పుట్టినవి. ఈ భేదమును మాటలతో ఎంత చెప్పినను వినువానికి పట్టువడదు. నేను ఉపాధ్యాయుడనై యుండియు ఎందరికో చెప్పజూచి విఫలుడనైతిని. అదే రెండు అడ్డువరుసల పట్టికగా వ్రాసి, ఒక గడిలో వడ్డీరేటును ఉంచి, దానిని రెండునుండి ఒకటిన్నరకు మార్చగానే క్రింది అంకెలన్నియు తమంతట తాము మాఱుట కన్నులార చూచిన ఒక పాలేరు ‘అంటే సారూ, ఆ కాయితం మార్చినప్పుడే నా మీద పడ్డదన్నమాట’ అనెను. అంతకుముందు ఆయన ఆ మాటను వినియుండలేదా? వినియుండెను. చూచియుండలేదు.

ఆ లెక్కలమ్మాయిని ఒకనాడు నేనే అడిగితిని: ‘అమ్మా, ఎదుట అంత పెద్ద యంత్రముండగా ఈ చిన్నదానితో ఎందుకు కూడుచున్నావు?’ ఆమె సిగ్గుపడక, తడుముకొనక ఇచ్చిన సమాధానము నాకు మిక్కిలి నచ్చినది. ‘మొత్తం తప్పయితే నన్నే అడుగుతరు గద సార్. నా చేత్తో కూడుకుంటె నాకు ధైర్యం. అది ఎట్ల కూడిందో నాకేం తెలుసు?’ ఎంత న్యాయమైన మాట! పట్వారీని నమ్మి, మిల్లును నమ్మి, నోటును నమ్మి తరతరములు నడచిన ఊరిలో పుట్టిన పిల్ల, ఇపుడు క్రొత్తగా వచ్చిన యంత్రమును మాత్రము ఊరక నమ్మనని చెప్పుచున్నది. ఈ అపనమ్మకమును పోగొట్టవలెనా, కాపాడవలెనా? చాలసేపు ఆలోచించితిని. కాపాడవలెననియే తోచినది, అయితే ఆ అపనమ్మకమునకు అడుగుటకు ఒక విధానమును, చూచుటకు ఒక కన్నును ఇయ్యవలెను.

కోదాడలో ఇంజనీరింగు చదువుచున్న ఆమె తమ్ముడు సెలవులకు వచ్చినపుడు మా ఇరువురకును పాఠము మొదలైనది. ‘అక్కా, ముందు ఈక్వల్ టు కొట్టు. అది లేకపోతే దానికి నువ్వు రాసింది ఉత్త మాట. అది కొట్టినంక రాస్తేనే లెక్క’ అని వాడు చెప్పెను. బస్తాల గడిని చూపి, గుణకారమునకు నక్షత్రపు గుర్తు నొక్కి, నలుబది అని వ్రాయగా కిలోలు వచ్చినవి. వేయితో కాదు, నూటితో భాగింపగా క్వింటాళ్లు. ఆ గడి మూలను పట్టుకొని క్రిందికి లాగగా రైతులందఱి వరుసలును ఒక్కమారుగా నిండినవి. అమ్మాయి మొదట మురియలేదు. ప్రతిగడిని నొక్కి, పైపట్టీలో కనబడు సూత్రమును చదివి, వరుస మాఱినకొలది అందులోని సంఖ్య మాఱుచున్నదా లేదా అని పరీక్షించెను. తరువాత ధర వచ్చినది. ధరను ప్రతివరుసలో వ్రాయక, పైన ఒకే గడిలో ఉంచి, క్రిందికి లాగినపుడు ఆ గడి జరిగిపోకుండ డాలరు గుర్తులతో బిగించుట నేర్పినాడు. చివరగా సమ్ అని వ్రాసి, మొదటిగడినుండి కడపటిగడివఱకు పట్టిచూపుట. అపుడు ఆమె తనంతట తానే 150ని 148 చేసి చూచినది. తీగ లాగగా డొంకయంతయు కదలినట్లు కిలోలు, క్వింటాళ్లు, రూపాయలు, అట్టడుగు మొత్తము, అన్నియు ఒక్కనిమేషమున మాఱినవి. ఆమె క్యాలిక్యులేటరు తీసికొని ఆ వరుసను మరల చేతితో కూడి చూచినది, సరిపోయినది. ఆ సరిచూచుటను నేను వారింపలేదు.

ఈ గుణము, అనగా ఒకటి మాఱగా దానిమీద ఆధారపడినవన్నియు మాఱుట, ఎవరికి ఎట్లు తోచినదో చదివినపుడు నాకు మఱింత ఆదరము కలిగినది. 1978 ప్రాంతమున హార్వర్డు బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి తరగతిలో కూర్చుండియుండగా, ఆచార్యుడు నల్లబల్లమీద వరుసలు గీసి వ్యాపారపు లెక్క వేయుచుండెనట. నడుమ ఒక అంకె తప్పినచో, లేక మార్చవలసివచ్చినచో, దానికి క్రిందివన్నియు తుడిచి తుడిచి మరల వ్రాయవలసి వచ్చెడిది. తుడుచుకొను పని తానే చేసికొనెడి నల్లబల్ల ఉండరాదా అను ఆ కోరికనుండి, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తోడ్పాటుతో, 1979లో విజికాల్క్ పుట్టినది. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ దాని బాటలో వచ్చినవి. విజికాల్క్‌కు వారు పేటెంటు పొందలేదు. లోకమంతటను ఇందఱు దుకాణదారులు, గుమాస్తాలు, పంచాయతీ కార్యదర్శులు, సంఘపు లెక్కల అమ్మాయిలు నేడు ఆ ఊహమీద ఆధారపడి పనిచేయుచున్నారని తలచినపుడు, బడిలో సుద్దముక్క పట్టి బ్రతికిన నాకు ఆ నల్లబల్ల ఘట్టము ఎంతో దగ్గఱిదిగా తోచును. తుడిచి వ్రాయుటయందలి అలసట నాకు తెలియును.

మన భాషకు ఇది పరాయి విద్య యని మాత్రము నేనొప్పుకొనను. పదునొకండవ శతాబ్దివాడని పండితులు చెప్పెడి పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగుపద్యములలో సారసంగ్రహగణితముగా రచించెను. తెలుగు కావ్యభాష ఇంకను తొలిరూపమున ఉన్న కాలమున, లెక్కలకు పద్యము చాలునని నమ్మిన ఆ కవి ధైర్యము గొప్పది. ఆ పద్యములు నోటికి వచ్చినవానికి జవాబు మాత్రమే కాక పద్ధతియు వచ్చును. ఏది దేనితో గుణింపవలెనో, ఏది దేనినుండి తీసివేయవలెనో పద్యమే చెప్పును. మా చిన్ననాడు బడిలో జవాబు సరియైనను దారి చూపనిచో మార్కు లేదు. ఏల లేదు, జవాబు వచ్చినది కదా, అని నేను పిల్లవాడనై యున్నపుడు లోలోపల వాదించెడివాడను. ఇపుడు ఆ పంతులుగారి పట్టుదలలోని న్యాయము తెలియుచున్నది. గడిలో మొత్తమును టైపుచేయుట జవాబు వ్రాయుట. గడిలో సూత్రము వ్రాయుట దారి చూపుట. రెండింటి బాహ్యరూపము తెరమీద ఒక్కటే. ఎవరైనను వ్రేలుపెట్టి నొక్కినపుడు మాత్రమే భేదము బయటపడును.

పట్టికను అలంకరించు పాఠములో మాకు అభిప్రాయభేదములు వచ్చినవి. ఆ అమ్మాయికి రంగులు ఇష్టము. శీర్షికలకు పసుపు, మొత్తములకు ఆకుపచ్చ, అంచులకు గట్టిగీతలు. నాకు మొదట అది వ్యర్థాలంకారముగా తోచినది. కాని చూడగా చూడగా నా అభిప్రాయము మెత్తబడినది. ఎండలో బల్లకడకు వంగి తన పేరు వెదకుకొను రైతుకు, ఒక వరుస విడిచి ఒక వరుసకు వేసిన లేతరంగు వ్రేలు తప్పిపోకుండ కాపాడును. అంకెలు కుడివైపునకు ఒదిగి యుండుట, ఒకట్లక్రింద ఒకట్లు, పదులక్రింద పదులు నిలుచుట, శీర్షికలో ‘బరువు’ అని విడిచిపెట్టక ‘బరువు, కిలోలలో’ అని వ్రాయుట, పైవరుసను కదలకుండ బిగించి క్రిందికి పోయినను శీర్షికలు కనబడునట్లు చేయుట, ఇవన్నియు చదువరియెడల చూపెడి గౌరవము. లక్షను 100,000 అని మూడేసి అంకెలకు విడదీసి చూపుచున్న ఆ పట్టికను, కంప్యూటరు అమరికలో దేశమును భారతముగా మార్చి 1,00,000 అని చూపించిన దినమున, అంతవఱకు అంకెలు చదువలేమని తల త్రిప్పుకొన్న ఇద్దఱు సంఘసభ్యురాండ్రు తమ పొదుపును తామే పైకి చదివిరి. కామా స్థానము ఇంత పని చేయునా? చేసినది. పేర్లను ‘అను’ అనెడి, యూనికోడ్ కాని ఫాంట్లలో కాక యూనికోడ్ తెలుగులో వ్రాసికొనవలెనని తమ్ముడు పట్టుపట్టినాడు. లేనిచో వేఱొక కంప్యూటరులో తెఱచినపుడు ఊరివారి పేర్లన్నియు అర్థములేని అక్షరములగును. గడులను కలిపి ఒకటిగా చేయు ముచ్చటను మాత్రము వాడు సాగనీయలేదు. కలిపిన గడులున్న పట్టికను అకారాదిక్రమమున పేర్చబోగా అది మొరాయించునని చేసి చూపెను.

ఒక సందేహమువద్ద మేము చాలసేపు ఆగితిమి. ధాన్యమున తేమ నూటికి 17 వఱకే యుండవలెనని నిబంధన. 17 లోపున్నచో ‘సరి’ అనియు, మించినచో ‘ఆరబెట్టవలెను’ అనియు తనంతట తాను చెప్పు షరతును ఒక గడిలో వ్రాసితిమి. ఒక రైతు వరుసలో తేమ 17 అని కనబడుచునే ప్రక్కగడి ‘ఆరబెట్టవలెను’ అనుచుండెను. యంత్రము తప్పినదా? లేదు. వ్రాసినది 17.4, దశాంశములు తగ్గించి చూపుమని మేము కోరినందున 17గా చూపుచున్నది, లోపల మాత్రము 17.4 గానే ఉంచుకొని దానితోనే పోల్చుచున్నది. కనబడునది వేఱు, ఉన్నది వేఱు. అలంకరణ వలన అంకెయొక్క వేషము మాఱునేగాని విలువ మాఱదని ఆనాడు మేము తెలిసికొన్నది పుస్తకమునుండి కాదు. వడ్లు వెనుకకు తీసికొనిపోవలసిన ఒక మనుష్యుని ముఖమునుండి. ఆయనకు ఆ భేదమును చూపి, గడిని నొక్కి, లోపలి అంకెను చదివించితిమి. ఆయన సంతోషింపలేదు. కాని ఒప్పుకొన్నాడు.

ఇంత చెప్పిన తరువాతను నాకు శంక తీరలేదు. సూత్రముతో నిండిన పట్టిక తప్పుచేయదా? చేయును, ఘోరముగా చేయును. అర్థశాస్త్రాచార్యులగు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ప్రకటించిన ఒక పత్రమున, దేశపు అప్పు జాతీయోత్పత్తిలో నూటికి తొంబది దాటినచో అభివృద్ధి క్షీణించునని చూపిరి. అనేక దేశముల పాలకులు పొదుపుచర్యలకు దానిని ప్రమాణముగా చెప్పికొనిరి. 2013లో అమెరికాలోనే మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి, తరగతి అభ్యాసముగా ఆ లెక్కను తిరిగి చేయబోయి, ఎంతకును పొసగక, ఆ ఆచార్యులనుండియే వారి ఎక్సెల్ పట్టికను పొంది పరిశీలింపగా, సగటు తీసిన సూత్రమున ఇరువది దేశములకు బదులు పదునైదే పట్టువడినవి. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియము, కెనడా, డెన్మార్కు బయట మిగిలిపోయినవి. లోపము అదొక్కటే కాదు, లెక్కింపు పద్ధతిలో అంతకంటె పెద్ద అభ్యంతరములును ఉండెను. అయినను లోకము జ్ఞప్తియందుంచుకొన్నది ఆ అయిదు గడులనే. 2020లో ఇంగ్లండున కోవిడ్ సోకిన 15,841 మంది వివరములు, పాతరకపు ఎక్సెల్ ఫైలు 65,536 వరుసలకంటె పట్టదు కనుక, కొన్నాళ్లు లెక్కలోనికి రాక నిలిచిపోయినవి. వారితో మెలగినవారికి హెచ్చరిక ఆలస్యమైనది. సమ్ అని వ్రాసి గడులను పట్టునపుడు ఒక రైతు బయట మిగిలినచో, మా కల్లమున జరుగునదియు ఇదే జాతి కీడు. క్రొత్తరైతు పేరును కడపటివరుస క్రింద చేర్చి, సూత్రములోని మేరను చూడక విడిచినచో చాలు.

కాని ఈ రెండు కథలలో మొదటిదానిని నేను మాటిమాటికి తలచుచుందును. ఆ తప్పు ఎట్లు తెలిసినది? ఆ ఆచార్యులు తమ పట్టికను ఇచ్చిరి కనుక తెలిసినది. ముద్రిత పత్రమునందలి మొత్తమును ఎంతకాలము చూచినను ఎవరికిని ఆ అయిదు దేశముల జాడ తెలిసియుండదు. పేరు పొందని ఒక విద్యార్థి మహాపండితుల లెక్కను సరిచూడగలుగుట ఆ గడులు తెఱచియుండుటవలన సాధ్యమైనది. ఇది నాకు విజికాల్క్ కనుగొనుటకంటెను పెద్ద సంఘటనగా తోచుచున్నది. మా ఊరి లెక్కలమ్మాయికి నేను ఈ కథ చెప్పినపుడు ఆమె అడిగినది ఒక్కటే: ‘ఇచ్చినందుకు వాళ్లకు చెడ్డపేరు వచ్చింది గద సార్. ఇంక ఎవరిస్తరు?’ ఈ ప్రశ్నకు నావద్ద సమాధానము లేదు. ఇచ్చుట ధర్మమని చెప్పవచ్చును. అది చెప్పుట నాకు సులభము, ఎవరికిని లెక్క అప్పగింపవలసిన స్థితిలో నేను లేను గనుక.

పాత చిట్టా ఆవర్జాలకు ఒక సుగుణముండెను. దానిని మఱచుట కృతఘ్నత. సిరాతో వ్రాసినది చెరిపినచో మరక మిగులును. కొట్టివేసినచో ప్రక్కన సంతకము పడును. ఎవరో ఎపుడో మార్చిరని కాగితమే సాక్ష్యము చెప్పును. ఎక్సెల్ గడిలో 150 పోయి 148 వచ్చినపుడు 150 ఉండెనన్న ఆనవాలు చూచువారికి కనబడదు. దారి చూపుటయందు మేలైన ఈ పట్టిక, నిన్నటిని నిలుపుటయందు పాతపుస్తకమునకు సాటిరాదు. మహిళాసంఘములకు నేర్పెడి పంచసూత్రములలో క్రమముగా కలియుట, పొదుపు, అప్పు, తిరిగి చెల్లింపు, వీనితోబాటు పుస్తకనిర్వహణ అయిదవదిగా నిలిచియున్నది. ఆ సూత్రమును వ్రాసినవారు పుస్తకమునే తలచిరి, సమావేశమున అందఱి యెదుట తెఱచి చదివెడి పుస్తకమును. అందుచేత మేమొక ఏర్పాటు చేసికొంటిమి. వారమునకొకమారు పట్టికను అచ్చుతీసి, తేదీ వేసి, ముగ్గురు సభ్యురాండ్రు చదివి సంతకము చేసి పుస్తకమున అంటింతురు. దిద్దినపుడు పాత అంకెను చెరపక, ‘దిద్దిన బస్తాలు’ అని వేఱొక నిలువువరుసలో వ్రాయుదురు. ఇది చాలునా? చాలదేమో. అయినను అమ్మాయికి ఇందువలన ధైర్యము కలిగినది. ఆమె ధైర్యము నాకు ముఖ్యము.

ఆ తరువాత ఆమె తనంతట తాను చేసిన ఒక పని నన్ను ఎక్కువగా కదిలించినది. తరుగు అను దానినిగూర్చి వరిపండించు మా సీమవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. తాలు, మట్టి, తేమ అనుచు బస్తాకు ఇంతయని అదనముగా తూచుకొనుట, దానిమీద ఏటేట పత్రికలలో వచ్చెడి రైతుల గోడు అందఱెఱిగినదే. అంతవఱకు ఆ తరుగు ఎవరి లెక్కలోను వ్రాతగా లేదు. తూచునపుడే తీసివేయబడి, మిగిలినది మాత్రమే కాగితమునకు ఎక్కెడిది. కనుక మొత్తమును చూచినవానికి ఏదియు లోపించినట్లు తోచదు. ఆమె కిలోల వరుసకు ముందు ‘కాంటా బరువు’ అనియు, దాని ప్రక్కన ‘తరుగు, కిలోలలో’ అనియు రెండు నిలువువరుసలు చేర్చి, మొదటిదానినుండి రెండవదానిని తీసివేయు సూత్రము వ్రాసినది. బస్తాకు ఒక్క కిలో అనగా నూటయేబది బస్తాల రైతుకు క్వింటాలున్నర. 3,583 రూపాయల 50 పైసలు. అందఱిది కలిపి అట్టడుగున ఎఱ్ఱగడిలో మొత్తము. ఆ అంకె కనబడిన సాయంత్రము సంఘపు సమావేశమున చాలసేపు ఎవరును ఇండ్లకు పోలేదు. ఒకావిడ ‘ఇది ఎవరికి పోయింది?’ అని అడిగినది. ఇంకొకావిడ ‘పోయినేటిది గూడ ఎక్కియ్యి బిడ్డా’ అన్నది. తరుగు ఆగినదా అని మీరడిగినచో, ఇంకను లేదని చెప్పవలెను. అడిగెడి నోరు మాత్రము వచ్చినది. ఆ నోటికి చేతిలో ఒక కాగితమున్నది.

ఇపుడు రాబోవు పంటకు పట్టికను సిద్ధపఱచుచున్నాము. 2024 వానకాలమునుండి సన్నరకములకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చినది కనుక, రకమును వ్రాసెడి ఒక వరుస, అది ‘సన్న’ అయినపుడే బోనస్ లెక్కించు షరతుతో మఱొక వరుస చేర్చవలసియున్నది. అరువది క్వింటాళ్లవానికి అది 30,000 రూపాయల మాట, చిన్నది కాదు. సొమ్ము బ్యాంకులో పడిన తేదీని కూడ చేర్చినచో, తూచిననాటికిని పడిననాటికిని నడుమ ఎన్ని దినములు గడచినవో ఒక తీసివేతతో తెలియునని తమ్ముడు అనుచున్నాడు. అమ్మాయికి హమాలీకూలి వరుసమీద దృష్టి. అది బస్తాకు ఇంతయని లెక్కింతురా, క్వింటాలుకు ఇంతయని లెక్కింతురా అన్నది ఒక్కొక్క కల్లమున ఒక్కొక్క విధముగా చెప్పుచున్నారు. సూత్రము వ్రాయుటకు ముందు పోయి అడిగి తెలిసికొనవలెను.